నాలుగో నంబరు థర్మామీటర్

సాయంత్రం ఐదింటికి ఫోను మోగితే నా చేయి ఇప్పటికీ ఫోను మీదికి కాక చంకలోకి పోతుంది. రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆ వేళకు ఫోను చేసినవాళ్లలో ఎక్కువమంది ప్లాట్లు అమ్మేవాళ్లు, క్రెడిట్ కార్డులు అంటగట్టేవాళ్లు. అయినా సరే, మొదటి రింగుకే చంకలో థర్మామీటర్ ఉందా లేదా అని తడుముకుంటాను. మా ఆవిడ చూసి "ఇగో, మళ్ల భాయ్ యాదికొచ్చిండు" అని నవ్వేది. మొన్న ఆదివారం నుంచి నవ్వడం మానేసింది. ఆ పొద్దున భాయ్ చాయ్ తాగి, కప్పు తానే కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు కనుక నేనూ అలాగే రాస్తాను. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో, మూత్రకోశ వ్యాధుల డాక్టరు దగ్గర, బయాప్సీ గదికి ఆయన అటెండరు. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుండేవాడు. గది లోపలికి ఒక జత రబ్బరు చెప్పులు, బయటికి ఒక జత. ఆ రెండు జతలకు మధ్య గచ్చు మీద తనే ఎర్ర టేపుతో ఒక గీత అంటించాడు. ఒకసారి డాక్టరు గారే ఏదో ధ్యాసలో బూట్లతో ఆ గీత దాటితే, భాయ్ ఏమీ అనలేదు. గీత వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు, మళ్లీ గీత వైపు చూశాడు. డాక్టరు గారు "సారీ భాయ్" అని వెనక్కి పోయాడు. డాక్టరుకు భయపడే రోగులను అన్ని దవాఖానల్లో చూశాను. అటెండరుకు భయపడే డాక్టరును అక్కడొక్కచోటే చూశాను.

చేతులు కడుక్కోవడానికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. సబ్బు రాసుకున్నాక ఖాజీపేట నుంచి సికింద్రాబాదు వైపు ప్యాసింజరు ఆగే స్టేషన్లు వరసగా చెప్పాలి. ఖాజీపేట, పెండ్యాల, నష్కల్, ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, పెంబర్తి, ఆలేరు, వంగపల్లి, రాయగిరి, భువనగిరి. భువనగిరి వచ్చేదాకా వేళ్ల సందులు రుద్దుతూనే ఉండాలి. తొందరపడి జనగామలో దిగిపోయినవాళ్లను మళ్లీ ఖాజీపేట తీసుకుపోయేవాడు.

"ఎక్స్‌ప్రెస్ లెక్క పోవద్దు సార్, ప్యాసింజర్ లెక్క పోవాలె" అనేవాడు.

రైలు ముఖం చూడని ఒక రైతు, తన ఊరి నుంచి వరంగల్ దాకా బస్సు స్టేజీలు చెప్తానన్నాడట. భాయ్ సరేనని చెప్పించుకుని, గోడ గడియారం చూసి, "నీ ఊరు దగ్గర. పోయి వాపస్ రావాలె" అని తేల్చాడు.

ఇక నా సంగతి. మగవాడికి ప్రొస్టేట్ అనే గ్రంథి ఒకటుందని అరవై దాటితే తప్ప తెలియదు. తెలిసినప్పటి నుంచి దాని గురించి తప్ప ఇంకేమీ తెలుసుకోబుద్ధి కాదు. నాకు రక్తపరీక్షలో ఏదో అంకె ఎక్కువ వచ్చింది. ముప్పై నాలుగేళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, అంకె ఎక్కువ వస్తే మెచ్చుకోవడమే అలవాటు. డాక్టరు మాత్రం మొహం సీరియస్‌గా పెట్టి, గ్రంథిలోంచి సూదితో చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాలి, కాన్సరా కాదా తేలుతుంది అన్నాడు. ఆ సూది మలద్వారం గుండా పోతుందని చెప్పాడు. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను. ఇంటికొచ్చి పక్కవాళ్లకు నడుము నొప్పి అని చెప్పాను.

మొదటి రోజే డాక్టరు అడిగాడు: "ఈ మధ్య ఏమన్నా యాంటీబయోటిక్స్ వాడారా?"

"లేదండీ" అన్నాను. అబద్ధం కాదు. యాంటీబయోటిక్ అంటే రెండు రంగుల క్యాప్సూల్ అని నా గట్టి నమ్మకం. ఒక కొస ఎర్రగా, ఒక కొస నల్లగానో పచ్చగానో ఉండాలి. అలాంటిదేదీ నేను మింగలేదు.

బయటికొచ్చాక బెంచీ మీద భాయ్ నా పక్కన కూర్చున్నాడు. చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం. డాక్టరు అడిగిందే మళ్లీ అడుగుతాడేమో అనుకున్నాను.

"సార్, ఈ మూడు నెలలల్ల ఏడేడ దావత్ తిన్నరు?"

నాకు ఒళ్లు మండింది. "బయాప్సీకి దావత్‌కు ఏం సంబంధం?"

"చెప్పున్రి సార్."

"మరిపెడలో మా బామ్మర్ది ఇంట్లో ఎల్లమ్మకు చేసుకున్నారు. పోయిన నెల."

"ఏం తిన్నరు?"

"యాట కూర. బోటి."

"పొట్ట నడిచిందా?"

అటుపక్కన కూర్చున్న ముసలాయన కూడా నా జవాబు కోసం చూస్తున్నాడు. గొంతు తగ్గించి "జర నడిచింది" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"లెక్కల సార్ అయ్యుండి లెక్కపెట్టలేదా?" అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ఏం ఏసుకున్నరు?"

"ఏదో మోషన్ల గోలీ. మూడు వేసుకున్నా, తగ్గింది, బంద్ చేసిన." ఆయనతో మాట్లాడితే నా నోటికీ ఇంటి భాష వచ్చేస్తుంది.

"ఏ డాక్టర్ రాసిచ్చిండు?"

"డాక్టర్ ఎందుకు? మా బామ్మర్ది దగ్గరున్నయి, ఇచ్చిండు."

భాయ్ పెన్ను మూత పెట్టాడు. "గదే యాంటీబయోటిక్ సార్."

"అది మోషన్ల గోలీ భయ్యా."

"మీకు మోషన్ల గోలీ. డాక్టర్ సార్‌కు యాంటీబయోటిక్. సూది ఏసే ముందు మనం ఇచ్చే గోలీ సుత దాని అన్నదమ్ముడే." ఆ మీదట చాలా ఓపిగ్గా, బడిలో నేను మొద్దు పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "మూడు గోలీలతోని చచ్చిన పురుగులు చచ్చినయి. చావనియి మీ పొట్టల దర్జాగ కూసున్నయి. గా గోలీ మొఖం వాటికి ఎర్కయింది. రేపు మనం మళ్ల గదే ఇస్తే నవ్వుతయి. సూదేమో అండ్లకెంచే పోవాలె. మోరీల కాలు పెట్టి వంటింట్లకు పోవాల్సిన పని సార్ మనది. కాళ్లు కడగకపోతే ఎట్ల?"

లేచి డాక్టరు గదిలోకి పోయాడు. రెండు నిమిషాల్లో నా బయాప్సీ వారం వాయిదా పడింది. ముందు దూది పుల్లతో ఒక నమూనా తీసి ల్యాబుకు పంపుతారట, నా లోపలి క్రిములు ఏ మందుకు చస్తాయో చూసి ఆ మందే ఇస్తారట. పరీక్షకు ముందు ఇంకో పరీక్ష, అదీ అదే దారిలో. ఆ వారమంతా నేను భాయ్‌ని తిట్టుకుంటూనే ఉన్నాను. ల్యాబు కాగితం వచ్చాక తిట్టడం ఆపాను. మామూలుగా ఇచ్చే గోలీకి నా క్రిములు చావవని అందులో ఉంది.

"డాక్టర్లు మందు పేరు అడుగుతరు" అని తర్వాతెప్పుడో చెప్పాడు నాకు. "జనాలకు మందు పేరు యాదికుండదు సార్. దావత్ యాదికుంటది."

బయాప్సీ సోమవారం పొద్దున. ముందు రోజు సాయంత్రమే కొత్త గోలీ ఒకటి మింగించారు. సోమవారం రెండోది భాయ్ కళ్లముందే, ఆయన తెప్పించిన రెండు ఇడ్లీలు తిని వేసుకున్నాను. ఎనిమాతో పొట్ట కడిగించారు. భువనగిరి దాకా చేతులు కడిగాను. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎర్రటి మందుతో లోపలంతా తుడిచారు. మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. భాయ్ వచ్చి నా తల దగ్గర నిలబడ్డాడు.

"సార్, పదమూడో ఎక్కం చెప్పున్రి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. సూది పన్నెండుసార్లు టప్ మంటది. ఒక్కో టప్‌కు ఒక్కో మెట్టు."

రైతులైతే గొడ్ల పేర్లు చెప్పించేవాడట, డ్రైవర్లయితే ధాబాల పేర్లు. నేను పదమూడు ఒకట్ల పదమూడు అన్నాను, టప్ మంది. పదమూడు ఏడుల దగ్గర తప్పాను. నా జీవితంలో మొదటిసారి. "తొంభై ఒకటి సార్" అని భాయ్ అందించాడు. ఆ గదిలో ఎన్నిసార్లు ఎంతమంది లెక్కల సార్లు పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయారో.

అయిపోయాక అసలు తతంగం. బీరువాలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీశాడు. అందులో ఐదు డిజిటల్ థర్మామీటర్లు, ఒక్కోదాని మీద నల్ల మార్కరుతో అంకె. దవాఖానవి కావు, ఆయన సొంతంగా కొన్నవి. నాలుగో నంబరుది స్పిరిటు దూదితో తుడిచి నా జేబులో పెట్టాడు.

"పొద్దుగాల ఏడింటికి, పగటికి, సాయంత్రం ఐదింటికి చూస్కోవాలె. ఐదింటికి నేను ఫోన్ చేస్త. వందకు మీద అంకె కనవడ్డా, చలివెట్టినా, ఐదింటి దాక ఆగొద్దు, సీదా రావాలె. ఊర్ల డాక్టర్ వద్దు, మెడికల్ షాప్ వద్దు. ఏడోనాడు ఇది వాపస్ తెచ్చియ్యాలె. మీరే రావాలె. ఇంకోల్లతోని పంపితే తీస్కోను."

తీసుకోడన్నది ఉత్తమాట కాదు. పాలంపేట నుంచి వచ్చిన ఒకాయన, ఇంత చిన్న వస్తువు కోసం అంత దూరం ఎందుకని కండక్టరుకిచ్చి పంపాడట. భాయ్ బస్టాండుకు పోయి, కండక్టరు చేతిలోంచి తీసుకోకుండానే, అదే బస్సులో అదే థర్మామీటర్‌ను తిప్పి పంపించాడు. మర్నాడు ఆయనే సీతాఫలాల గంపతో దిగాడు. భాయ్ ముందు మనిషిని పైనుంచి కిందిదాకా చూసి, తర్వాత థర్మామీటర్ తీసుకుని, చివరికి సీతాఫలాలు తీసుకున్నాడట. ఆ వాపసు తతంగం థర్మామీటర్ కోసం కాదని, మనిషిని కళ్లారా చూసుకోవడానికని ఇప్పుడు రాస్తుంటే స్పష్టంగా కనపడుతోంది. అప్పుడు నాకు ఛాదస్తంగానే తోచింది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. సోమవారాలు నేను ఒక్కపొద్దు ఉంటాను. ఒంటిపూట భోజనం, శివుడి పేరు మీద. ఆ పొద్దున దవాఖానలో తిన్న రెండు ఇడ్లీలతో నా పూట కాస్తా అయిపోయింది. సాయంత్రం గోలీ చీటీ మీదేమో "తిన్న తరువాత" అని రాసి ఉంది. తినకూడదు, తినకుండా వేసుకోకూడదు. నేనూ మా ఆవిడా మంచం మీద కూర్చుని దీని గురించి చాలాసేపు ఆలోచించాం.

"రేపు పొద్దుగాల రెండు కలిపి ఏస్కోన్రి. లెక్క సరిపోతది" అంది ఆవిడ.

లెక్క సరిపోతుందంటే లెక్కల సారు ఎలా కాదంటాడు? మంగళవారం పొద్దున ఉప్మా తిని రెండూ కలిపి మింగాను.

మధ్యాహ్నం మూడున్నరకు చలి మొదలైంది. బయట ఎండ మండిపోతోంది, నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మా ఆవిడ రెండు రగ్గులు కప్పింది. "ఏసీ గదిల పండవెట్టిన్రు గద, గందుకే" అని కారణం కూడా కనిపెట్టింది. సరిగ్గా అప్పుడే నన్ను చూడ్డానికి మరిపెడ నుంచి బామ్మర్ది వచ్చాడు. వాడి జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరుంటుంది. అందులో ఊరందరూ వాడగా మిగిలిన గోలీలుంటాయి.

"బావా, ఇగో, రెండున్నయి. ఏస్కుంటే పొద్దుగాలకు లేచి ఉరుకుతవ్" అన్నాడు.

థర్మామీటర్ జేబులోనే ఉంది. పెట్టుకోలేదు. పెట్టుకుంటే అంకె కనపడుతుంది, కనపడితే పోవాలి. ఐదింటిదాకా రగ్గుల కింద వణుకుతూ పడుకున్నాను. బామ్మర్ది గోలీ నోటి దాకా వచ్చింది. మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది. ఫోను మోగింది.

భాయ్ హలో అనడు, నమస్తే అనడు. "ఎంత?" అన్నాడు.

"బాగనే ఉన్న భాయ్" అన్నాను.

"నేను బాగున్నరా అని అడగలే సార్. ఎంత అని అడిగిన."

గోలీ పక్కన పెట్టి థర్మామీటర్ చంకలో పెట్టుకున్నాను. ఆయన ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. పీక్ మన్నాక చూసి, "నూటొకటి పాయింట్ ఎనిమిది" అని చెప్పాను.

"చెప్పులు తొడుక్కో" అన్నాడు.

భాయ్ దగ్గర మర్యాద వంద డిగ్రీల దాకానే. ఆపైన మీరు పోయి నువ్వు వస్తుంది. "ఇంట్ల ఎవలున్నరు? బామ్మర్దా? ఆని చేతిల ఏమన్న ఉంటే పారెయ్యమను. ఏం మింగకు. చాయ్ సుత తాగుకుంట కూసోకు. ఆటో ఎక్కు. నేను గేట్ కాడ ఉంట."

నిజంగానే గేటు దగ్గర ఉన్నాడు. చక్రాల కుర్చీ, దాని మీద తెల్ల దుప్పటి, పక్కన సిస్టరు. ఆటో దిగగానే నన్ను కూర్చోబెట్టి తనే లోపలికి తోశాడు. పది నిమిషాల్లో రక్తం తీసి పంపారు, చేతికి సెలైన్, అందులో పెద్ద మందు. క్రిములు రక్తంలోకి ఎక్కుతున్నాయి, పొద్దున దాకా ఆగితే బీపీ పడిపోయేది, చాలా కష్టమయ్యేది అని డాక్టరు చెప్పాడు. సోమవారం సాయంత్రం మానిన గోలీ సంగతి బయటపెట్టింది మా ఆవిడే. డాక్టరు పెద్దగా కోప్పడలేదు. "అదొక్కటే కారణమని చెప్పలేం. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి వస్తుంది. టైముకు వచ్చారు, అది ముఖ్యం" అన్నాడు.

భాయ్ మాత్రం తలుపు దగ్గర నిలబడి చాలాసేపు నన్నే చూశాడు.

"ఒక్కపొద్దు" అన్నాడు చివరికి.

"ఔను భాయ్."

"రోజాలల్ల నేను సుత ఉపాసమే ఉంట సార్. బీమార్ ఉన్నోనికి అల్లా మాఫ్ చేసిండు. మీ శివుడు చెయ్యడా?"

 ఆయన క్లిప్పు అట్ట తీసి, దావత్‌ల ప్రశ్న కింద కొత్తగా ఒక వరస రాశాడు: ఒక్కపొద్దులు, ఉపవాసాలు, రోజాలు. ఆ తర్వాత బయాప్సీకి వచ్చిన ప్రతి మనిషినీ అది అడిగేవాడు. వైద్యశాస్త్రానికి నా వంతు సేవ అదొక్కటే. దాని వెనక నేనున్నానని చెప్పుకునే వీలు మాత్రం లేదు.

మూడో రోజుకు జ్వరం పూర్తిగా దిగింది. సాయంత్రం డ్యూటీ అయ్యాక భాయ్ వచ్చి నా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నర్సు తెచ్చిన అరటిపండు ఒలిచి నా చేతికిచ్చాడు. మీరు అనడం మళ్లీ మొదలైంది కనుక బతికానని నాకు అర్థమైంది.

"బాగనే ఉన్న అంటే మీకు అంత కోపమెందుకు భాయ్?" అని అడిగాను.

చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "మా పెద్దన్నకు సుత గీ పరీక్షనే అయ్యింది సార్. నేనే చెయ్యివట్టుకొని తీస్కపోయిన. ఇంటికి పోయినంక మూడుసార్లు ఫోన్ చేసిన. ఎట్లున్నవ్ అన్నా అంటే బాగనే ఉన్న అన్నడు. మూడుసార్లు గదే మాట. తమ్ముడు పరేషాన్ అయితడని. నాలుగోసారి చేస్తే వదినె ఎత్తింది."

అరటితొక్కను చెత్తడబ్బాలో వేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"మనోళ్లకు బాగలేదని చెప్పుడు రాదు సార్. అంకె అయితే అబద్ధమాడది."

నాకు సిగ్గేసింది. రగ్గు కింద వణుకుతూ నేనన్నదీ ఆ మాటే. ఆ రోజు ఆయన ఫోను చేయకపోయి ఉంటే, చేసినా నా మాట నమ్మి ఉంటే, నేనిప్పుడు ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు. ఇందులో డొంకతిరుగుడు ఏమీ లేదు. నన్ను బతికించింది ఆయనే.

బయాప్సీ ఫలితం మంచిగానే వచ్చింది, కాన్సరు లేదన్నారు. దవాఖాన నుంచి పంపిన ఏడోనాడు థర్మామీటర్ వాపసు ఇవ్వడానికి పోయాను. నన్ను ఒక చుట్టు చూసి, నాలుగో నంబరును స్పిరిటుతో తుడిచి డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కాడు. "ఐదు లోపలున్నయి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. మా బడిలో పిల్లలందరూ పాసైన ఏడు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. మర్నాడు సెలవు పెట్టాడు. ఐదూ లోపలుంటే తప్ప ఆయన సెలవు పెట్టడు, ఊరు దాటడు. పరకాలలో సొంత మేనల్లుడి పెళ్లికి కూడా పోలేదట. ఆయన భార్య, మా అందరికీ భాభీ, ఎంత మొత్తుకున్నా "బయట రెండున్నయి" అన్నాడట. పెళ్లివాళ్లకు అదేమిటో అర్థం కాక, భాయ్ గొర్రెలేమైనా పెంచుతున్నాడేమో అనుకున్నారట. ఇదంతా ఆయనే చెప్పి నవ్వేవాడు. ఆ తర్వాత నేను అటు పోయినప్పుడల్లా లోపలికి తొంగిచూసి "ఎన్ని బయటున్నయి భాయ్?" అని అడిగేవాణ్ణి. వేళ్లు చూపించేవాడు.

మొన్న మంగళవారం భాయ్ జియారత్, అంటే పోయిన మూడోనాడు చేసే ప్రార్థన. మండిబజారులో వాళ్లింటికి సాయంత్రం పోయాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఫాతెహా చదువుతున్నారు, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నాకు రెండు కుర్చీల అవతల, తెల్ల పంచె కట్టుకున్న ఒక మనిషి ఎడమ చేయి ఒంటికి అదిమిపెట్టి బిగుసుకుని కూర్చున్నాడు. ఎవరైనా చూస్తే పక్షవాతం అనుకుంటారు. నాకు మాత్రం ఆ కూర్చోవడం బాగా తెలుసు.

అందరూ నిశ్శబ్దంగా ఉన్నవేళ ఆయన చంకలోంచి పీక్, పీక్, పీక్ మంది.

తలలన్నీ లేచాయి. ఆయన పాపం ఎర్రబడిపోయి, చొక్కాలోంచి థర్మామీటర్ లాగి గుప్పిట్లో దాచుకున్నాడు. దాని మీద నల్ల మార్కరుతో రాసిన అంకె నాకు కనిపించింది. నాలుగు.

చదవడం అయ్యాక ఆయన పక్కకు పోయి కూర్చున్నాను. పరకాల దగ్గర రైతు. శనివారం బయాప్సీ అయిందట. శనివారం సాయంత్రం భాయ్ ఫోను వచ్చింది. ఆదివారం రాలేదు. సోమవారం రాలేదు. ఏమైందోనని మంగళవారం దవాఖానకు వస్తే సంగతి చెప్పారు, అటునుంచి ఇటే వచ్చాడు.

"దవాఖాన నంబర్‌కు చెయ్యమన్నరు సార్. చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాంది. నాకు గవి సమజ్ గావు" అన్నాడు. గుప్పిట విప్పి థర్మామీటర్ చూసి అడిగాడు. "ఐదైతాంది. ఇప్పుడు నేను ఎవలకు చెప్పాలె?"

లోపల పరదా వెనక నుంచి భాభీ గొంతు వినపడింది. నేను వచ్చానని ఎవరో చెప్పినట్టున్నారు. "సార్, గీ డబ్బా ఏం చెయ్యాలె? దవాఖానోళ్లు మా లెక్కల లేదు, మాకొద్దు అని ఇంటికి పంపిన్రు. ఐదు ఉండాలె, నాలుగే ఉన్నయి. శనివారం ఇంటికి రాంగనే చెప్పిండు, బయట ఒకటున్నది, వారం దాక ఎటు రాను అని." పరదా కిందుగా బిస్కెట్ల డబ్బా బయటికి జరిగింది.

నాకు ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ల లెక్కల సారు నలుగురిలో ఏడిస్తే బాగుండదని డబ్బా మూత తీసి, లోపలున్నవి నాలుగేనా అని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత పరకాలాయన వైపు తిరిగి "నాకు చెప్పున్రి" అన్నాను.

"తొంభై ఎనిమిది పాయింట్ ఆరు" అన్నాడు ఆయన. అనగానే బిగుసుకున్న భుజాలు దిగిపోయాయి. నేను డాక్టరును కానని, వంద దాటినా చలిపెట్టినా నా ఫోను కోసం చూడకుండా సీదా దవాఖానకే పోవాలని రెండుసార్లు చెప్పి, ఆయనతో ఒకసారి చెప్పించుకుని, నంబరు తీసుకున్నాను.

నిన్న ఐదింటికి నేనే ఫోను చేశాను. అవతల ఎత్తిన చప్పుడు కాగానే నమస్తే అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే.

"ఎంత?"

"బాగనే ఉన్న సార్" అన్నాడు.

"నేను బాగున్నరా అని అడగలే. ఎంత అని అడిగిన."

 నేను ఫోను పెట్టలేదు. తర్వాత సన్నగా పీక్ మంది. "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు" అని చెప్పాడు. డబ్బా మూతకు అంటించిన కాగితం మీద రాసుకున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఎల్లుండి మరిపెడల తమ్మునింట్ల దావత్. పొద్దుగాల బస్సుకే పోదాం" అంది.

"నువ్వు పోయిరా. నేను శనివారం దాక ఎటు రాను" అన్నాను. "బయట ఒకటున్నది."